పన్నెండూ ఒకటి

శాసనాలకి అచ్చు తీయడం నా పని.
ముఖలింగం గోడకి ముందు నీళ్ళు కొట్టాలి,
తడి కాగితం పరిచి కుంచె బ్రష్షుతో బాదాలి
అక్షరాల గోతుల్లోకి కాగితం దిగేదాకా.
ఆనక మసిముద్ద.
నలుపులోంచి తెల్లగా లేస్తాడు
ఎప్పుడో పోయిన దాత ఒకడు:
ఇన్ని మాడలు, ఒక అఖండదీపం,
ఈ ధర్మం చెరిపినవాడు
గంగ ఒడ్డున కపిలను చంపిన పాపాన పోతాడు.
పొగడ్త సంస్కృతంలో, లెక్క తెలుగులో.
రెంటికీ మసి ఒకటే.

ఆషాఢంలో వాన తెరిపినప్పుడు వచ్చిందామె,
పేరు ఇత్సియార్,
దుబాసిగా పొట్నూరు హైమ.
స్పెయినా అని అడిగాను.
కాదంది. ఆగి, అవునంది.
మళ్ళీ కాదంది.

'మాదీ ఒకప్పుడు రాజ్యమే, నవార్రా.
రాజుగారి పత్రాలన్నీ లాటిన్లో,
తర్వాత రొమాన్సులో.
మా అమ్మమ్మ వంటింటి మాట వాటిలోకి పోలేదు.
ఒక పాత పత్రంలో మాత్రం
నవార్రా వాళ్ళ భాషలో ఇలా అంటారని చెప్పి
మందపెద్దని పిలిచే మాట రాశారు.
రాజు కంఠం కాదు, గొడ్ల కాపరిది.
పదిహేను వందల పన్నెండులో కస్టీలు సైన్యం వచ్చింది.
రాజ్యం పోయింది, ఆ మాట ఉంది.'

ఇదంతా నంది పక్కన కూర్చుని,
జీడిపప్పు నములుతూ చెప్పింది.
తర్వాత గోడకేసి చూసి
'కొండమీదవాళ్ళ మాట ఇందులో ఎక్కడ?' అంది.

ముప్పై ఒక్క ఏళ్ళు ఈ రాళ్ళ వీపు కొట్టాను.
ఎవరూ అడగలేదు. నేనూ వెతకలేదు.

స్థలపురాణం అందరికీ తెలుసు:
సవర దొర పెళ్ళాలిద్దరు
ఇప్పపూల కోసం జుట్లు పట్టుకుంటే,
విసిగి చెట్టుకి గొడ్డలేశాడు దొర.
మొదట్లోంచి దేవుడు లేచాడు.
చెట్టు వాళ్ళది, గొడ్డలి వాళ్ళది,
తగువు కూడా వాళ్ళదే.
ఏ భాషలో తిట్టుకున్నారో
గోడ చెప్పదు.

సంతరోజు మెళియాపుట్టి తీసుకెళ్ళాను.
సవర జన్నెమ్మ అనాసపళ్ళు పోసుకు కూర్చుంది.
కావలసినన్ని ఏరుకోమంది, లెక్కకి కూర్చుంది.
పదకొండు దాటి 'మిగ్గెల్' అని ఆగింది,
పన్నెండు.
మళ్ళీ మొదటికొచ్చింది,
పన్నెండు మీద ఒకటి, పన్నెండు మీద రెండు,
ఇరవైకి ఒక గుట్ట చేసి
దానికి అటుపక్క ఇంకో పన్నెండు పేర్చింది.
చివర ఒక్కటి మిగిలింది.

ఇన్నాళ్ళూ
ఈవిడకి లెక్క రాదనుకున్నాను.
పుంజీలు పుంజీలుగా మనసులో
నేనే మళ్ళీ ఎంచుకునేవాణ్ణి, మోసపోతానని.

ఇత్సియార్ బురదలోనే గొంతుక్కూర్చుంది.
'హోగెయ్' అంటూ ఇరవై గుట్ట మీద చెయ్యేసింది.
వాళ్ళకీ ఇరవయ్యే మెట్టట,
నలభై అంటే రెండు ఇరవైలట.
ఇరవై, దాని మీద పదమూడు అంది తన మాటలో.
ఇరవై, పన్నెండు, ఒకటి అంది జన్నెమ్మ.
ముప్పై మూడన్నాను నేను.
ముగ్గురివీ అవే పళ్ళు.
జన్నెమ్మ నవ్వింది, పొగాకు పళ్ళతో.
ఇత్సియార్ చెంప నిమిరి
ఏదో అంది. హైమకీ అర్థం కాలేదు.

'ఒకటి కొసరెయ్యవే అప్పా' అన్నాను.
'రాజులకే ఎయ్యనేదు, నీకేటి?' అంది.

మర్నాడు, ఆమె బస్సెక్కాక,
గుడి వెనక అక్షరం లేని రాయి ఒకదానికి
నీళ్ళు కొట్టాను, కాగితం పరిచాను.
బ్రష్షు చప్పుడుకి గబ్బిలాలు లేచాయి.
పూజారి తొంగి చూసి
'ఏముందక్కడ?' అన్నాడు.
చెప్పలేదు. మసి వేశాను.
గోతులు లేనిచోట
కాగితం నిండా నల్లగా వస్తుంది,
ఒక్క మూల తెల్లగా చిన్న గీత,
ఉలిదో, గొడ్డలిదో, వానదో.

ఆఫీసుకి పంపే కట్టలో అదీ పెట్టాను.
వరస సంఖ్య వెయ్యాలి కదా,
పన్నెండో అచ్చు తర్వాత
'పన్నెండూ ఒకటి' అని రాశాను.

గుమాస్తా ఎర్రసిరాతో సున్నా చుట్టి
తప్పని తిప్పి పంపాడు.
మళ్ళీ లెక్కపెట్టాను.
సరిగ్గానే ఉంది.